కొండల్లో బాగా వచ్చే ఫొటోలు ప్రెయిరీలో ఎందుకు తేలిపోతున్నాయి?

పచ్చికబాట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. సెప్టెంబరు మూడో వారంలో అమెరికాలోని డెన్వర్ నుంచి బయలుదేరి, రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు, ఆపైన వయోమింగ్‌లోని గ్రాండ్ టీటన్, యెల్లోస్టోన్ చూసుకుని, తిరుగుదారిలో సౌత్ డకోటాలోని బ్యాడ్‌ల్యాండ్స్ మీదుగా రావాలని మా కుటుంబం అనుకుంటోంది. నా దగ్గర ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 24–105 మి.మీ. లెన్సు, 100–400 మి.మీ. లెన్సు, ఒక మోస్తరు ట్రైపాడ్ ఉన్నాయి.

కొండల దగ్గర తీసిన ఫొటోలు నాకు తృప్తిగానే ఉంటున్నాయి. ప్రెయిరీ అనే ఆ గడ్డి మైదానాల దగ్గరికి వచ్చేసరికే చిక్కు వస్తోంది. అక్కడ నిలబడి చూస్తే కంటికి ఆనని ఆ వైశాల్యానికి ఒళ్ళు పులకరిస్తుంది కానీ, ఫొటోలో మాత్రం కింద ఒక గోధుమరంగు పట్టీ, పైన ఒక నీలం పట్టీ తప్ప మరేమీ మిగలడం లేదు. నేను చూసిన దానిలో ఏ భాగం ఫొటోలోకి రాకుండా పోతోందో తెలుసుకోవాలని ఉంది.

రెండో ప్రశ్న జంతువుల గురించి. బైసన్ (అక్కడి అడవిదున్న), ఎల్క్ (పెద్ద జింక) వంటివి నా ఫొటోల్లో చిన్నవిగా కనిపిస్తున్నాయి. 600 మి.మీ. లెన్సు లేనిదే వన్యప్రాణుల జోలికి వెళ్ళవద్దని కొందరు మిత్రులు గట్టిగా చెబుతున్నారు. అంత ఖర్చు నిజంగా అవసరమా, లేక ఉన్న లెన్సుతోనే నేను నేర్చుకోవలసింది ఏదైనా ఉందా? వెంట ఇద్దరు చిన్న పిల్లలు ఉంటారు కాబట్టి ఒకే చోట రోజంతా కాచుకుని కూర్చునే వీలు లేదని కూడా దృష్టిలో పెట్టుకోగలరు.

గాలివాలు:

జంతువుల గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు కనుక నేను మీ మొదటి ప్రశ్నకే పరిమితమవుతాను.

ఫొటోకు కావలసిన ఎత్తు, అంచు, నీడ, ముందువెనకల తేడా అన్నిటినీ కొండ తానే సమకూర్చిపెడుతుంది. మైదానం వీటిలో ఏదీ దానంతట అది ఇవ్వదు, అక్కడ నేలకు ఆకారం తెచ్చిపెట్టే పని పూర్తిగా వెలుగుదే. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ప్రతి గడ్డిదుబ్బు నీడా దాని మొదట్లోనే దాగిపోయి, మిట్టపల్లాలన్నీ ఒకే చదునుగా కనిపిస్తాయి. పొద్దు వాలాక వెలుగు నేలను రాసుకుంటూ పక్కనుంచి వస్తే అదే నేల అలలు అలలుగా పైకి లేస్తుంది. అందుచేత సాయంత్రం వేళ సూర్యుడికి ఎదురుగా గానీ, వీపు పెట్టి గానీ నిలబడకుండా, ఉత్తరానికో దక్షిణానికో తిరిగి తీసి చూడండి. నెబ్రాస్కాలోని సాండ్‌హిల్స్ ఇందుకు చక్కని ఉదాహరణ. ఇసుక దిబ్బల మీద గడ్డి అల్లుకుని వాటిని కదలకుండా పట్టి ఉంచిన ఆ ప్రాంతం సుమారు 50 వేల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. పన్నెండు గంటలకు చూస్తే ఎక్కడా మెరక ఉన్నట్టే తోచదు, సాయంత్రం ఆరింటికి ప్రతి దిబ్బకూ ఒక వెలుగు వైపు, ఒక చీకటి వైపు ఏర్పడతాయి.

ఇక లెన్సు సంగతి. విశాలంగా ఉందని అందరం సహజంగా 24 మి.మీ. వైపు మొగ్గుతాము, కానీ అలాంటి వైడ్ లెన్సు (ఎక్కువ వెడల్పు చూపేది) దూరాన ఉన్నదాన్ని ఇంకా దూరానికి నెట్టేస్తుంది కాబట్టి, మిమ్మల్ని ఆకట్టుకున్న దిగంతం ఫొటోలో ఒక సన్నని గీతగా మారిపోతుంది. మైదానంలో నేను ఎక్కువగా వాడేది 100 నుంచి 300 మి.మీ. మధ్యనే. ఆ దూరపు లెన్సులో ఒకదాని వెనక ఒకటిగా ఉన్న గట్లు, వాగు వెంబడి పెరిగిన కాటన్‌వుడ్ చెట్ల వరుస, వాటి వెనక కిందికి దిగుతున్న వానతెర అన్నీ దగ్గరికి చేరి పొరలుగా కనిపిస్తాయి. వైడ్ లెన్సే వాడదలిస్తే మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డి కంకులు కెమెరాకు అడుగు దూరంలో ఉండేలా చూసుకోండి. నిలువెత్తు నుంచి చూస్తే గడ్డి నేలకు పరిచిన రంగులా ఉంటుంది, దాని ఎత్తుకే దిగితే ఒక్కో కాడా, దాని మెలికా, గింజల మీది నూగూ కనిపిస్తాయి. దిగంతాన్ని సరిగ్గా ఫ్రేము నడుమ పెట్టడం వల్లనే మీరు చెప్పిన రెండు పట్టీలు ఏర్పడుతున్నాయని నా అనుమానం. ఆకాశంలో చెప్పుకోదగ్గ మేఘం ఉంటే ఫ్రేములో మూడు వంతులు దానికే ఇచ్చేయండి, లేకపోతే ఆకాశాన్ని ఒక సన్నని అంచుగా మిగిల్చి నేలను నింపండి. ఏదో ఒక పక్షం తీసుకోవలసిందే.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోండి, ఎందుకంటే మైదానంలో అది ఆగే రోజులు అరుదు. ట్రైపాడ్ కాళ్ళు బాగా వెడల్పు చేసి, నడిమి కడ్డీ పైకి లాగకుండా, సెకనులో పదిహేనో వంతు షట్టరు వేగం ప్రాంతంలో తీస్తే గడ్డి కదలిక నీటి ప్రవాహంలా నమోదవుతుంది.

మరొక విషయం కూడా తెలిసి ఉండటం మేలు. ప్రెయిరీ అంతా ఒకే గడ్డి కాదు. పసిఫిక్ వైపు నుంచి వచ్చే తేమను రాకీ పర్వతాలు చాలావరకు తమ మీదే కురిపించుకుంటాయి కాబట్టి, వాటి తూర్పు పాదం దగ్గర చీలమండ దాటని పొట్టి గడ్డి మాత్రమే పెరుగుతుంది. తూర్పుకు పోయేకొద్దీ వాన పెరిగి, కాన్సస్‌లోని ఫ్లింట్ హిల్స్ చేరేసరికి బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి సెప్టెంబరులో మనిషిని మించి ఎదిగి, రాగిరంగుకు తిరుగుతుంది. ఒకప్పటి పొడవుగడ్డి ప్రెయిరీలో నాలుగు శాతం కూడా ఇప్పుడు మిగలలేదు. మిగిలిన కాస్తా ఎక్కువగా అక్కడే ఉండటానికి కారణం, ఆ నేలలో పైపైనే తగిలే సున్నపురాయి, చెకుముకిరాయి నాగలిని దిగనివ్వకపోవడం. మీ దారిలో పడేది పొట్టి గడ్డి, మధ్యరకం గడ్డి మాత్రమే గనుక, నిలువెత్తు గడ్డి కోసం అక్కడ వెతుక్కోవద్దు. పొట్టి గడ్డి నేలలో అందమంతా నేల వంపుల్లోనూ, మేఘాల నీడల కదలికలోనూ ఉంటుంది.

కొండల గురించి ఒక్క మాట. టీటన్ శ్రేణి లోయకు పడమట ఉంది కాబట్టి దాని ముఖం మీద వెలుగు పడేది తెల్లవారినప్పుడే, సాయంత్రానికి శిఖరాలు నీడబొమ్మలుగా మారతాయి. స్నేక్ నది మలుపును ముందు పెట్టి ప్రఖ్యాత ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1942లో ఫొటో తీసిన చోటు ఇప్పటికీ రోడ్డు పక్కనే ఉంది కానీ, చెట్లు పెరిగి నది వంపును చాలావరకు కప్పేశాయి. ఆ ఫొటోనే మళ్ళీ తీయాలన్న పట్టుదల కన్నా, అదే నదికి మరో వంపైన ఆక్స్‌బో బెండ్ దగ్గర నిలకడ నీటిలో మౌంట్ మోరన్ శిఖరం ప్రతిబింబం కోసం గాలి లేవకముందే చేరుకోవడం మీకు ఎక్కువ ఫలితాన్నిస్తుంది. మీరు వెళ్ళే రోజులకు అక్కడి ఆస్పెన్ చెట్లు కూడా పసుపురంగుకు తిరుగుతూ ఉంటాయి. బ్యాడ్‌ల్యాండ్స్‌లో మాత్రం వాన కురిస్తే నిరుత్సాహపడి గదిలో ఉండిపోవద్దు. తడిసిన మట్టిపొరల ఎరుపు, పసుపు చారలు ఎండిన రోజున కనిపించేదానికన్నా ఎంతో చిక్కగా ఉంటాయి.

మాటుకాడ:

పచ్చికబాట గారూ, 600 లెన్సు గురించి చెప్పేముందు ఒక చిన్న లెక్క చూద్దాము. యెల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లకు, తోడేళ్ళకు, కూగర్ అనే పెద్దపిల్లులకు కనీసం 100 గజాలు, అంటే సుమారు 91 మీటర్లు, బైసన్, ఎల్క్ సహా మిగిలిన జంతువులకు 25 గజాలు, అంటే సుమారు 23 మీటర్లు ఎడం పాటించడం తప్పనిసరి నియమం. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 400 మి.మీ. లెన్సు 23 మీటర్ల దూరంలో చూపించే వెడల్పు రెండు మీటర్లు చిల్లర మాత్రమే. ఎదిగిన మగ బైసన్ పొడవు మూడు మీటర్లు దాటుతుంది. అంటే నియమం అనుమతించిన దూరంలోనే అది మీ ఫ్రేములో పట్టదు. ఎలుగుబంటి విషయంలో 400 చూపించే వెడల్పు ఎనిమిది మీటర్లు, 600 చూపించేది ఐదున్నర మీటర్లు. తేడా ఉన్న మాట నిజమే కానీ, అది అంత ఖర్చు పెట్టించవలసిన తేడా కాదని నా అభిప్రాయం.

అంతకన్నా ముఖ్యమైన మాట మరొకటి ఉంది. జంతువు చిన్నదిగా రావడం లోపమని మీరు అనుకుంటున్నారు, నేను అలా అనుకోను. ముఖం మాత్రమే నింపి తీసిన బైసన్ ఫొటో ఏ జంతుప్రదర్శనశాలలో తీసినదైనా కావచ్చు. యెల్లోస్టోన్‌లోని లామర్ లోయలో పొద్దుటి మంచు ఆవిరి నడుమ, వెనక కొండవాలు, ముందు సేజ్ పొదలు, వాటి మధ్య నదికి దిగుతున్న మంద ఉన్న ఫొటోను మాత్రం ఆ ఒక్క చోటే తీయగలరు. పంతొమ్మిదో శతాబ్దం చివరకు ఈ ఖండంలో బైసన్ సంఖ్య వెయ్యికన్నా దిగువకు పడిపోయింది. యెల్లోస్టోన్‌లో 1902 నాటికి సుమారు రెండు డజన్లు మాత్రమే మిగిలాయి. అలాంటి జంతువు నేడు మందలుగా అదే లోయలో తిరుగుతూ ఉన్నప్పుడు, దాన్ని దాని నేల నుంచి కత్తిరించి చూపించాలని నాకు అనిపించదు. జంతువు ఫ్రేములో పదో వంతు ఉన్నా చాలు, అయితే దాని ఆకారం స్పష్టంగా తెలియాలి. కాళ్ళు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా, తల ఒంటి మీద పడకుండా, వీపు అంచు వెనకనున్న చెట్ల నలుపులో కలవకుండా ఉండే క్షణం కోసం ఆగాలి.

బైసన్ ఎక్స్‌పోజరు (కెమెరాలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది) గురించి కూడా చెప్పాలి. దాని ముదురు బొచ్చు వెలుగును మింగేస్తుంది. అది ఫ్రేమును నింపినప్పుడు కెమెరా చీకటి ఎక్కువగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది కాబట్టి, మీరు ఎక్స్‌పోజరును మూడింట రెండు వంతుల స్టాపు (కెమెరాలో వెలుగును కొలిచే మెట్టు) మేర తగ్గించుకోవలసి వస్తుంది. అదే బైసన్ ఎండిన గడ్డి నడుమ చిన్నదిగా ఉంటే పరిస్థితి తిరగబడి, జంతువు నల్లని ముద్దగా మిగులుతుంది. కంటిలో ఒక వెలుగు చుక్క పడితే గానీ ఆ ముఖానికి ప్రాణం రాదు. కన్ను బొచ్చులో లోతుగా ఉంటుంది గనుక, సూర్యుడు కిందికి ఉన్న వేళల్లోనే ఆ చుక్క దొరుకుతుంది.

పిల్లలు వెంట ఉన్నారన్నారు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. ఆ పార్కులో మిగతా ఏ జంతువుకన్నా ఎక్కువమందిని గాయపరిచినది బైసనే. మందకొడిగా మేస్తున్నట్టు కనిపించినా గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. తోకను పైకి లేపి నిలబెట్టిందంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం, వెంటనే వెనక్కి తగ్గాలి. మంద మీ వైపే నడిచి వస్తుంటే కదలవలసింది మీరే.

కారును వదలకుండా తీయడమే మీకు అన్నివిధాలా మేలు. జంతువులకు కారు ఆకారం అలవాటైపోయింది, తలుపు తెరుచుకుని మనిషి దిగగానే తలెత్తి చూస్తాయి. రోడ్డు మధ్య ఆపకుండా పక్కన కేటాయించిన చోటుకి పూర్తిగా తప్పించి, ఇంజిను ఆపేసి, కిటికీ అంచు మీద గింజలు నింపిన మెత్తని సంచి వేసి దాని మీద లెన్సు ఆనించండి. బ్యాడ్‌ల్యాండ్స్‌లో సేజ్ క్రీక్ రిమ్ రోడ్డు వెంబడి ఇలా నెమ్మదిగా వెళితే బైసన్, కొమ్ముల గొర్రెలు కనిపిస్తాయి. అదే దారిలో రాబర్ట్స్ ప్రెయిరీ డాగ్ టౌన్ ఉంది. అక్కడ నేలలో కన్నాలు తవ్వుకుని గుంపులుగా ఉండే ఉడుతజాతి జంతువు ప్రెయిరీ డాగ్ ఒకటి వెనక కాళ్ళ మీద నిలబడి, ముందు కాళ్ళు గాలిలోకి చాచి, తల వెనక్కి విరిచి కూత పెట్టడం, దాన్ని చూసి పక్క కన్నం దగ్గరిది, దాని పక్కది వరుసగా అలాగే చేయడం పిల్లలకు చాలా నచ్చుతుంది. ఆ కదలిక క్షణంలో అయిపోతుంది గనుక సెకనులో వెయ్యో వంతుకు పెట్టుకుని, ఒకదాన్నే గురిపెట్టి ఉంచండి. వాటి ఒంటి మీది గోమార్ల వల్ల ప్లేగు సోకే అవకాశం ఉన్నందున పిల్లలను కన్నాల దగ్గరికి వెళ్ళనివ్వవద్దు, తిండి పెట్టనివ్వవద్దు.

రాకీ మౌంటెన్ పార్కులో మీరు వెళ్ళే సమయం ఎల్క్ ఎద కాలం. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు మొరేన్ పార్కు, హార్స్‌షూ పార్కు పచ్చికల్లో మగ ఎల్క్‌లు లోతైన గొంతుతో మొదలై సన్నని ఈలలా సాగే కూత పెడుతూ ఆడవాటి గుంపును కాచుకుంటాయి. ఆ రోజుల్లో సాయంత్రం నుంచి మర్నాటి ఉదయం వరకు ఆ పచ్చికల్లోకి కాలినడకన దిగడం నిషిద్ధం, కనుక రోడ్డు అంచునే నిలబడి తీయాలి. చలిపొద్దున సూర్యుడికి ఎదురుగా ఉండి తీస్తే కూతతో పాటు వచ్చే ఊపిరి ఆవిరి వెలుగుతుంది, వెనక చీకటి చెట్లు ఉంటేనే అది కనిపిస్తుందని గుర్తుంచుకోండి. నోటితో గానీ, పరికరంతో గానీ కూత అనుకరించి జంతువును పిలవడం పార్కుల్లో అనుమతించరు, డ్రోన్లూ అంతే.

నదిగట్టు:

మాటుకాడ గారి లెక్క పెద్ద జంతువులకు సరిపోతుంది, పక్షుల దగ్గర మాత్రం నేను విభేదిస్తాను. ఇది మీ సెప్టెంబరు పర్యటనకు కాదు, ఎప్పుడైనా వసంతంలో వస్తే పనికొస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నెబ్రాస్కా గడ్డినేలల మీద ప్రెయిరీ చికెన్ మగపక్షులు తెల్లవారకముందే ఒక చదును చోట చేరి, మెడకు రెండు పక్కలా నారింజరంగు సంచులు ఉబ్బించి, కాళ్ళు టపటప కొడుతూ ఆడే ఆటను మాటులోంచి తీయాలంటే 500కు తగ్గిన లెన్సు చాలదు. కోడిపెట్టంత పక్షి కళ్ళ మీద నిలబడే ఆ పసుపు కనుబొమలు అంత చిన్న ఫ్రేములో తేలవు. అయినా ఒక్క పర్యటన కోసం కొనవలసిన అవసరం లేదు, కొద్దిరోజులకు అద్దెకు తెచ్చుకోవచ్చు. పక్షులు తమంతట తాము ఎగిరిపోయేదాకా మాటులోంచి ఎవరూ బయటికి రాకూడదన్నది అక్కడ అన్నిటికన్నా ముఖ్యమైన నియమం.

దీనికి భిన్నంగా, అదే రాష్ట్రంలో ప్లాట్ నది దగ్గర మీ 100–400 తోనే అద్భుతాలు సాధ్యమవుతాయి. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు ఐదు లక్షలకు పైగా శాండ్‌హిల్ క్రేన్ కొంగలు అక్కడ ఆగి, పగలు మొక్కజొన్న చేలల్లో రాలిన గింజలు తిని, రాత్రికి నదిలో చీలమండ లోతు నీటిలో నిలబడి నిద్రపోతాయి. నక్కలో, కొయోట్‌లో వస్తే నీటి చప్పుడు వాటికి ముందే తెలుస్తుంది. కియర్నీ ఊరి దగ్గర పక్షి సంరక్షణ సంస్థ ఆడుబాన్ వారి రో శాంక్చువరీలో నది ఒడ్డునే మాటులు ఉన్నాయి, ముందుగా చోటు కేటాయించుకోవాలి. పూర్తిగా చీకటి ఉండగానే లోపలికి వెళ్ళాలి, ఫ్లాష్ గానీ, ఫోను వెలుగు గానీ పనికిరావు. తూర్పు ఎర్రబడేటప్పుడు వాటి నీడబొమ్మల కోసం ఆకాశానికే ఎక్స్‌పోజరు పెట్టుకోండి. గుంపు లేచినప్పుడు మాత్రం నా సలహా, వేగం పెంచకుండా సెకనులో పదిహేనో వంతులోనే ఉండి కెమెరాను వాటితో పాటు తిప్పండి. అంతమంది రెక్కలను ఆపి చూపితే కంటికి గందరగోళంగా ఉంటుంది, రెక్కలు గీతలుగా సాగితే ఆ లేవడంలోని ఊపు కనిపిస్తుంది.

ఆ చుట్టుపక్కల చేలన్నీ సొంతదారులవి గనుక, కంచె దాటకుండా ప్రజా రహదారి మీదనే ఉండాలి. ప్రభుత్వ గడ్డినేల కావాలంటే బ్యాడ్‌ల్యాండ్స్ చుట్టూ ఉన్న బఫలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ మీ దారిలోనే ఉంది.

పచ్చికబాట:

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. లెన్సు కొనే ఆలోచన విరమించుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. షట్టరు వేగం తగినంత ఉన్నా, లెన్సు ఆనించి తీసినా, 400 మి.మీ. దగ్గర దూరపు జంతువులు మసకగా వస్తున్నాయి. దగ్గరివి మాత్రం చాలా స్పష్టంగా ఉంటున్నాయి. ఇది లెన్సు దోషమేనా?

మాటుకాడ:

దగ్గరివి స్పష్టంగా ఉంటే లెన్సు మంచిదే. ఎండకు కాగిన నేల మీద గాలి వేర్వేరు వేడితో పొరలు పొరలుగా కదులుతూ, ఎండమావిని పుట్టించినట్టే, వెలుగును అటూ ఇటూ వంచుతుంది. మధ్యలో ఉన్న గాలి ఎంత ఎక్కువైతే మసక అంత పెరుగుతుంది, దాన్ని ఏ ఖరీదైన లెన్సూ తొలగించలేదు. పొద్దెక్కాక దూరపు జంతువుల మీద ఆశ వదులుకుని దగ్గరి విషయాల వైపు తిరగడమే మార్గం. చలి ఉదయాల్లో కూడా ఇదే ఇబ్బంది కారువల్ల వస్తుంది. హీటరు వేసుకుని వచ్చి కిటికీ దించగానే లోపలి వెచ్చని గాలి లెన్సు ముందు నుంచే బయటికి పోతుంది. అందువల్ల చేరడానికి పది నిమిషాల ముందే హీటరు ఆపి, రెండు వైపులా అద్దాలు దించండి, పిల్లలకు మాత్రం దుప్పట్లు సిద్ధంగా ఉంచండి. లెన్సు హుడ్డులో చిక్కుకున్న వెచ్చని గాలి కూడా మసక తెస్తుంది కాబట్టి, ఎదురు ఎండ లేనప్పుడు హుడ్డు తీసేసి ఒకసారి పోల్చి చూసుకోండి.

ఎండ వేళకు పిల్లలతో చేయదగ్గది ఒకటి చెబుతాను. రాకీ మౌంటెన్ పార్కులోని ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 3,713 మీటర్ల ఎత్తు వరకు వెళుతుంది, చెట్లు ఆగిపోయిన ఆ పైభాగంలో రాళ్ళగుట్టల మధ్య పైకా అనే పిడికెడంత జంతువు ఉంటుంది. అది చలికాలమంతా నిద్రపోదు గనుక, వేసవి చివరలో నోటినిండా గడ్డి, పూలకాడలు కరిచిపట్టుకుని రాళ్ళ కిందికి చేరవేస్తూనే ఉంటుంది. పచ్చిక తొక్కకుండా బాట మీదనే కూర్చుని కదలకుండా ఉంటే అదే దారిలో మళ్ళీ మళ్ళీ వస్తుంది, 400 మి.మీ. దానికి సరిగ్గా సరిపోతుంది. మధ్యాహ్నం మేఘాలు కమ్ముకుంటే ఉరుము వినిపించేదాకా ఆగకుండా ట్రైపాడ్ మడిచి కిందికి దిగిపోండి.